కోట కనపడే మేడ

ఆటోలో ఉన్నవారు: తాతయ్య, అక్క, నేను, నడిపేది మా వీధి ఆటో బాబాయి. ఉన్నవి: చిన్నరసం మామిడిపళ్ల బుట్ట ఒకటి, మీద వరిగడ్డి, ఆ పైన తడిపిన గోనెపట్టా. సీసాలో మంచినీళ్లు. తాతయ్య గొడుగు. అక్క ఒళ్లో గుడ్డసంచి, అందులో ఏముందో నాకు తెలియదు. నా ఒంటి మీద కొత్త చొక్కా, దాని లేబుల్ మెడ వెనక గుచ్చుకుంటూ ఉంది. లేనివారు: నాన్న, అమ్మ. నాన్న పనుందని చెప్పి పొద్దున్నే బండి మీద వెళ్లాడు. అమ్మ వీధి గుమ్మం దాకా వచ్చి, ఆటో కదలకముందే లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఆటో మా ఊరి నుంచి ముసునూరు మీదుగా నూజివీడు వెళ్లింది. రోజంతా నాకు ఊరు చూపించారు, అడిగినవన్నీ తినిపించారు, సాయంత్రం ఒక హాస్టల్లో వదిలేసి వెళ్లిపోయారు. ఆరో తరగతి నేను అక్కడ చదవబోతున్నానన్న సంగతి ఆటోలో నాకు తప్ప అందరికీ తెలుసు.

ఇదంతా ఇప్పుడు కదలడానికి కారణం అక్క ఫోను. అక్కను రెడ్డిగూడెం ఇచ్చారు. దాని కొడుక్కి ఇప్పుడు సరిగ్గా అప్పటి నా వయసు.

"రేయ్, శనివారం వస్తున్నావు కదా. వాణ్ని నూజివీడు తీసుకెళ్లి ఊరంతా తిప్పు. ఎక్కడ ఏం తినాలో, ఏమేం చూడాలో నాకంటే నీకే బాగా తెలుసు. సాయంత్రానికి హాస్టల్ దగ్గరికి తీసుకొచ్చెయ్. మీ బావ పెట్టె పట్టుకుని ముందే అక్కడుంటారు."

"వాడికి చెప్పారా?"

"చెబితే ఇంకేమన్నా ఉందా! అన్నం మానేసి రాద్ధాంతం చేస్తాడు. నిన్నయితే నమ్ముతాడు."

ఆలోచించి చెబుతానని పెట్టేశాను. యంత్రం ఆగిపోతే, తప్పు ఎక్కడ మొదలైందో వెనక్కి వెళ్లి చూసి రాయడం నా ఉద్యోగం. ఆ అలవాటుతోనే ఆ వేసవి దగ్గరికి వెళ్లాను.

వేసవిలో మా కాపురం సగం మామిడితోటలోనే ఉండేది. కాయ ముదిరే నాటికి తాతయ్య అక్కడ తాటాకు పాక వేయించి, రెండు నవారు మంచాలు, ఒక పొయ్యి, ఒక రేడియో చేర్చేవాడు. పాకలో మూడు వాసనలు ఉండేవి. ఎండిన తాటాకుది ఒకటి. గడ్డిలో మాగుతున్న రసాలది ఒకటి. మూడోది కోసిన కాయ తొడిమ నుంచి కారే సొనది, ఘాటుగా, కిరసనాయిలు పక్కన పెట్టినట్టు ఉండేది. సొన తగిలితే చర్మం కాలి మచ్చ పడుతుంది. ఎండాకాలమంతా నా పెదవి చివర ఒక మచ్చ ఉండేది. బళ్లు తెరిచాక అది ఎవరికి పెద్దదిగా ఉంటే వాడి తోట పెద్దదని మాలో లెక్క.

చిన్నరసాన్ని మేం కత్తితో కోయం. రెండు అరచేతుల మధ్య పెట్టి, లోపలంతా రసమయ్యేదాకా మెల్లగా పిసకాలి. ముచిక కొరికి, మొదటి చుక్క పిండి పారెయ్యాలి. ఆ తర్వాత నోరు తియ్యకుండా తాగాలి. టెంక తెల్లగా, పీచు దువ్వినట్టు బయటికి వస్తే గెలిచినట్టు. ఎప్పుడూ అక్కే గెలిచేది. నాకంటే అయిదేళ్లు పెద్దది, దవడలు గట్టివి.

పండిందో లేదో చూడటానికి మేమిద్దరం గడ్డిలో చేతులు పెట్టి కాయలు నొక్కేవాళ్లం. నొక్కినచోట మర్నాటికి నల్లగా కమిలేది.

"ఈ కాయ ఎవరు నొక్కారే?" అనేవాడు తాతయ్య.

"ఉడుత, తాతయ్యా," అనేది అక్క, కళ్లార్పకుండా.

"ఉడుతకి బొటనవేలు ఎక్కడిదే?"

అక్క ఏమాత్రం తడబడేది కాదు. "ముసలి ఉడుత తాతయ్యా, బాగా పెద్దది," అనేది. కాయలు కోసే కూలీలు నవ్వేవాళ్లు. తాతయ్య ఆ కమిలిన కాయను అక్క చేతికే ఇచ్చి తినమనేవాడు. దాని అబద్ధాలు నేను అప్పట్లో ఎంతో ముచ్చటపడి వినేవాణ్ని. ఎప్పుడూ నా పక్షాన ఆడేది కదా.

మా ఇంట్లో ఒక ప్రశ్న నిషేధం. బయలుదేరుతున్న మనిషిని "ఎక్కడికి?" అని అడగకూడదు. అడిగితే వెళ్లిన పని కాదంటారు. ఒకసారి తాతయ్య కాయ బేరానికి హనుమాన్ జంక్షన్ బయలుదేరాడు. ఆయన గట్టు దాటాక నేను వెనక నుంచి "తాతయ్యా, ఎక్కడికీ?" అని అరిచాను. ఆయన ఆగిపోయాడు. వెనక్కి వచ్చి, చెప్పులు విడిచి, మంచం మీద కూర్చుని నీళ్లు తాగాడు. అలా కాసేపు కూర్చుని లేస్తే దోషం పోతుందట. ఆలోగా రోడ్డు మీద బస్సు వెళ్లిపోయిన చప్పుడు అందరం విన్నాం.

"నోట్లో టెంక పెట్టుకుని కూర్చోలేకపోయావంట్రా!" అన్నాడు తాతయ్య.

అక్క నా తొడ గిల్లి పాక వెనక్కి లాక్కుపోయింది.

"ఎక్కడికి అనకూడదురా మొద్దూ. దూరమా అనాలి."

"దూరమా అంటే ఏం చెబుతారు?"

"వాళ్లకి చెప్పాలనుంటే ఊరు పేరు చెబుతారు. లేకపోతే ఇక్కడికేలే అంటారు. ఆ తర్వాత ఇంకేం అడక్కూడదు."

"ఎందుకని?"

"ఊరుకోవాలంతే. పెద్దవాళ్లు ఏదో పని మీదే వెళతారు కదా."

నాకు ఒక నియమం తెలిస్తే చాలు, దాన్ని తప్పను. ఆ రోజు నుంచి నేను ఎవరినీ ఎక్కడికని అడగలేదు.

జూన్ వచ్చేసరికి తోటలో కాయ దాదాపు అయిపోయింది. ఇంటి వాడకానికని ఎప్పుడూ చివరిదాకా ఉంచే రెండు చెట్లు మాత్రం మిగిలాయి. కాయలు దించడానికి వాడేది చిక్కం. పొడుగాటి వెదురు గెడ, చివర వల సంచి, దాని అంచుకు కత్తి. కాయ కింద పడకుండా, తొడిమతో సహా వలలోకి రావాలి. అంతకుముందు రెండేళ్లుగా అడుగుతుంటే తాతయ్య, "గెడ నీకంటే మూడింతలుందిరా, అది నిన్ను కోస్తుంది," అనేవాడు. ఆ ఏడాది మాత్రం, "ఆ రెండు చెట్లూ నీవే. వచ్చేవారం చిక్కం నీ చేతికిస్తా," అన్నాడు. నేను కొట్టంలో ఉన్న ఖాళీ గెడతో చూరుకు వేలాడదీసిన ఉల్లిపాయలను పడగొట్టి సాధన చేస్తున్నాను.

ఆ వారంలో జరిగినవి ఇవి. మంగలిని ఇంటికి పిలిపించి నా జుట్టు నున్నగా తీయించారు. ఎండలు కదా అన్నారు. నాన్న వేళ్లకు తెల్ల పెయింటు అంటుకుని ఉంది. బుట్టలకు గుర్తులు వేశానన్నాడు. అక్క రెండు రోజులు గదిలో కూర్చుని ఏదో కుట్టింది, నేను వెళితే ఒళ్లో దాచుకుంది. కుట్టుపని పరీక్ష అంది. అన్నిటికీ కారణాలు ఉన్నాయి కాబట్టి నేను నమ్మాను.

బయలుదేరిన పొద్దున నేను నియమం ప్రకారమే అడిగాను.

"దూరమా తాతయ్యా?"

"ఎంతలేరా, నూజివీడే. నువ్వు ఆ ఊరు సరిగ్గా చూసిందే లేదు కదా. ఇవాళ అంతా చూపిస్తా."

మొదట హోటల్. బస్టాండుకు దగ్గర్లో, మెట్ల మీద చెప్పుల గుట్ట ఉన్నది. పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి, ఆ పైన కాజా. ఆ హోటల్లో నా ఈడు కుర్రాళ్లు ఇంకా ముగ్గురో నలుగురో ఉన్నారు. అందరివీ నాలాగే నున్నటి తలలు. అందరివీ మడతలు పోని కొత్త చొక్కాలు. అందరి ముందూ స్వీటు ప్లేట్లు. పక్కన పెద్దవాళ్లు, తాము తినడం మానేసి, వాళ్లు తినడాన్ని చూస్తున్నారు. ఇవాళ ఈ ఊళ్లో పిల్లల పండగేదో ఉన్నట్టుంది అనుకుని, ఎదురు బల్ల మీది కుర్రాణ్ని చూసి నవ్వాను. వాడూ నవ్వాడు. సాయంత్రం వాణ్ని మళ్లీ చూశాను. అప్పుడు ఇద్దరం నవ్వలేదు.

సర్వరు నా ప్లేటు వైపు చూసి, "బాబుకి ఇంకో కాజా వెయ్యమంటారాండీ? మళ్లీ ఎప్పుడు తింటాడో," అన్నాడు.

"వేసి వెళ్లవయ్యా," అన్నాడు తాతయ్య. కసురుకున్నట్టే అన్నాడు.

తర్వాత కోట. పెచ్చులూడిన సున్నపు గోడలు, ఏనుగు పట్టేంత ద్వారం, పైన పావురాలు. జమీందారుల కాలంలో మా వైపు తోటల నుంచి మొదటి కాయ ఇక్కడికే వచ్చేదని, వాళ్లు తిని బాగుందన్నాకే మిగతాది బండ్లకెత్తేవాళ్లని తాతయ్య చెప్పాడు. నిజమో కాదో తెలియదు. చెబుతున్నంతసేపూ నా భుజం మీద చెయ్యి తియ్యలేదు. ఆ మనిషికి భుజం మీద చేతులు వేసే అలవాటు లేదు.

కోట నుంచి వీణలు చేసే ఇంటికి తీసుకెళ్లాడు. అక్కడ నేల కనపడకుండా పనసచెక్క పొట్టు. ఆ వాసన పండిన పనసతొన వాసనకు దగ్గరగా, కాస్త పొడిగా ఉంది. ఒక మూల మైనం కరుగుతోంది. తీగలు వెయ్యని వీణలు దూలానికి వేలాడుతున్నాయి. అక్కడి పెద్దాయన తయారైన వీణ ఒకటి ముందు పెట్టి మీటమన్నాడు. మీటాను. ఆ చప్పుడు చాలాసేపు నా వేలి చివర ఉండిపోయింది.

"ఏ క్లాసు బాబూ?"

"ఆరండీ. మా ఊరి హైస్కూల్లోనే."

ఆయన తాతయ్య వైపు చూశాడు. తాతయ్య దూలం వైపు చూశాడు.

"సంగీతం నేర్చుకుంటావా మరి?"

"లేదండీ. రేపు చిక్కం పట్టడం నేర్చుకోవాలి. రెండు చెట్లున్నాయి నాకు."

ఆయన పెద్దగా నవ్వి, "అయితే నీకు వేళ్లు గట్టిపడతాయి, ఆ తర్వాత రా," అన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే అక్క లేదు. వీధిలో గోళీసోడా బండి దగ్గర నిలబడి ఉంది. నన్ను చూడగానే సగం తాగిన సీసా నా చేతిలో పెట్టింది. పంచుకోవడమన్నది తెలియని మనిషి. "నీకొద్దా?" అంటే, "తాగరా, ఊరికే వాగకు," అంది.

మధ్యాహ్నం మెస్సులో అరిటాకు భోజనం. ముద్దపప్పు, కొత్తావకాయ, చాలు అనేదాకా నెయ్యి. పెరుగన్నంలోకి మామిడిపండు కావాలని బుట్టలోంచి ఒకటి ఇమ్మన్నాను. ఆ రోజు నాకు కాదన్నది అదొక్కటే.

"అవి ఒకరికివ్వాలిరా," అన్నాడు తాతయ్య.

ఎవరికని అడగలేదు. అంతకుముందు రెండో సోడా అడిగితే ఇచ్చారు. రంగు కళ్లద్దాలు అడిగితే కొన్నారు. ఎండలో మళ్లీ కోట దాకా వెళదామంటే వెళ్లారు. అనుమానించాల్సింది అక్కడే. నేను మాత్రం మా వాళ్లు ఇంత మంచివాళ్లని ఇన్నాళ్లూ తెలియనందుకు సిగ్గుపడ్డాను. తోటలోకి తిరిగి వెళ్లాక గడ్డిలో కాయలు నొక్కకూడదని కూడా నిర్ణయించుకున్నాను.

ఎండ తగ్గాక ఆటో ఊరి చివర ఒక పెద్ద మేడ ముందు ఆగింది. మూడంతస్తులు, ఎత్తైన గోడ, ఇనుప గేటు.

"ఇది కూడా చూసేసి పోదాం," అన్నాడు తాతయ్య. "ఆ పైకెక్కితే కోట మొత్తం కనపడుద్దంట. నువ్వెళ్లి చూసి రా."

"అక్కా, రావే."

"నాకు కాళ్లు నొప్పులు. నువ్వెళ్లు," అంది అక్క. రంగు కళ్లద్దాలు నా చేతిలోంచి తీసుకుని తనే నా కళ్లకు పెట్టింది.

మెట్లన్నీ పరిగెత్తుతూ ఎక్కాను. పైన డాబా, నీళ్ల ట్యాంకు, ఆరేసిన బట్టలు. నాలుగు వైపులా చూశాను. ఒక వైపు రేకుల షెడ్లు. ఒక వైపు తోటల తలలు. ఒక వైపు రోడ్డు. ఇంకో వైపు ఇలాంటిదే మరో మేడ. అద్దాల వల్ల కనపడలేదేమోనని తీసి మళ్లీ చూశాను. కోట ఏ వైపునా లేదు. రోడ్డు వైపు చూసినప్పుడు మా ఆటో కనపడింది. తిరిగి వెళుతోంది. వెనక సీటు పక్క నుంచి అక్క పసుపు ఓణీ కొంగు బయటికి ఎగురుతోంది. అది కొంగు లోపలికి లాక్కుంది కానీ తల తిప్పలేదు.

కిందికి వచ్చేసరికి ఆఫీసు గది ముందు నాన్న ఉన్నాడు. ఆయన పక్కన ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల పెయింటుతో నా పేరు. పెట్టె మీద అక్క గుడ్డసంచి, అందులో తువ్వాళ్లు, వాటి అంచున ఎర్రదారంతో నా పేరు. చిన్నరసాల బుట్ట వార్డెను బల్ల కింద ఉంది.

నేను ఏడవడం మొదలుపెట్టాను. "అరవకు, అందరూ చూస్తున్నారు," అన్నాడు నాన్న. తర్వాత నా చొక్కా కాలరు సరిచేసి, బండి ఎక్కాడు.

పెద్దవాళ్లను రానిచ్చే మొదటి ఆదివారం తాతయ్య ఒక్కడే వచ్చాడు. సంచీలో పళ్లున్నాయి. గోడ నీడన కూర్చున్నాం. ఆయనే మొదలుపెట్టాడు.

"నేను నీకు అబద్ధం ఏం ఆడానురా? దూరమా అన్నావు, నూజివీడన్నాను. ఇది నూజివీడు కాదా?"

"కోట కనపడలేదు."

ఆయన చేతిలో పండును మెత్తబడేదాకా పిసికాడు. తినమని ఇస్తే నేను తీసుకోలేదు.

"నా చెట్లు దించేశారా?"

"దించాంరా. ఆగితే రాలిపోవూ?"

"చిక్కం ఎవరు పట్టుకున్నారు?"

"మీ అక్క."

ఆ తర్వాత ఆదివారాల్లో నేను పెద్దగా ఏడవలేదు. సెలవులకు ఇంటికి వెళ్లినా పాకలో పడుకోలేదు. నేను ఇంజనీరింగులో ఉండగా తాతయ్య పోయాడు. తోట కొట్టించి ఆయిల్ పామ్ వేశారు. ఇప్పుడు ఆ గట్టు మీద నిలబడితే ఏ వాసనా రాదు.

హాస్టల్లో అయిదేళ్లు ఉన్నాను. గోడ దాటి బయటికి పంపేవారు కాదు. నూజివీడులో ఏం చూడాలి, ఎక్కడ తినాలి అని ఆఫీసులో ఎవరైనా అడిగితే గడగడా చెప్పేస్తాను. హోటల్, కోట, వీణలు, సోడా, మెస్సు. నేను చెప్పేదంతా ఆ ఒక్క రోజుదే.

ఆ రాత్రే అక్కకు తిరిగి ఫోన్ చేశాను.

"ఆ రోజు నీకు ముందే తెలుసా?"

"ఏ రోజు?"

"నన్ను దింపిన రోజు."

"ఓ, అదా! ఇంకా గుర్తుందా నీకు? తెలియకపోవడం ఏంట్రా, తువ్వాళ్ల మీద పేరు కుట్టిందే నేను."

"చెప్పాల్సింది."

"చెబితే ఆటో ఎక్కేవాడివా? ఎక్కకపోతే ఇవాళ ఈ ఉద్యోగం ఉండేదా? బాగుపడ్డావు కదరా, ఇంకా అదే పట్టుకు కూర్చున్నావేంటి!"

బాగుపడ్డాను. దాంతో నాకు పేచీ లేదు. చెప్పినా ఏడ్చేవాణ్ని, చెప్పినా చేర్చేవాళ్లు. కానీ ఆ పెసరట్టు తెలిసి తినేవాణ్ని. ఆ కోటను, ఇక మళ్లీ ఎప్పుడు చూస్తానో అన్నట్టు చూసేవాణ్ని. మా తాతయ్య చెయ్యి నా భుజం మీద ఎందుకుందో నాకు తెలిసి ఉండేది. ఇప్పుడు ఎవరైనా అడగకుండా నాకు రెండోసారి స్వీటు వడ్డిస్తే, థాంక్స్ చెప్పే ముందు తలుపు ఎటువైపుందో చూసుకుంటాను. ప్రేమగా మాట్లాడేవాళ్ల మాటల్లో ఏది చెప్పలేదా అని వెతుకుతాను. పెళ్లి చూపుల్లో కూడా అదే చేశాను. ఇదంతా అక్కకు చెప్పలేదు. శనివారం వస్తానని మాత్రం చెప్పాను.

వచ్చాను. బావ పెట్టెతో ముందే వెళ్లిపోయాడు. మేనల్లుడు కొత్త చొక్కాలో, నున్నటి తలతో గుమ్మంలో తయారుగా ఉన్నాడు. అడక్కుండానే బండి వెనక ఎక్కి, నా నడుం పట్టుకున్నాడు.

"మావయ్యా, అక్కడ బిర్యానీ బాగుంటుందా, నూడుల్సా?"

నేను బండి ఆపు చేసి స్టాండు వేశాను.

"రెండూ తిందాం. కోట చూద్దాం, వీణలు చూద్దాం. సాయంత్రం నిన్ను హాస్టల్లో చేరుస్తాం. మీ నాన్న నీ పెట్టె తీసుకుని అక్కడికే వెళ్లాడు. ఇవాళ నువ్వు ఇంటికి తిరిగి రావు."

వాడు బండి దిగాడు. అక్క గుమ్మంలోంచి పరుగున వచ్చింది.

"ఏంట్రా నువ్వు చేసిన పని! నిన్ను నమ్మి చెప్పాను కదరా!"

"అవునక్కా," అన్నాను. మిగతా రోజంతా అక్క నాతో మాట్లాడలేదు.

వాడు ఇంటి పక్కనున్న నీళ్ల మోటారు గట్టు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. నేను పక్కన కూర్చున్నాను, ఊరుకోమనలేదు. ఏడుపు దానంతటదే ఆగాక, చొక్కా చేతికి ముక్కు తుడుచుకుని, నేల వైపు చూస్తూ అడగడం మొదలుపెట్టాడు. హాస్టల్ వాళ్లకు ముందురోజే ఫోన్ చేసి అన్నీ కనుక్కుని ఉన్నాను.

"ఫోన్ ఇస్తారా?"

"ఇవ్వరు. ఆదివారం ఆఫీసు నుంచి చేయిస్తారు."

"క్రికెట్ ఆడనిస్తారా?"

"ఆడనివ్వరు. గ్రౌండు లేదు."

"గదిలో ఎంతమంది ఉంటారు?"

"పదహారు మంది."

వాడు వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టాడు.

"బాత్‌రూములు ఎన్ని?"

"రెండు," అన్నాను.